చాయిస్‌లో వదిలేసిన యూనిట్

402వ రోజు

పెద్ద పంపు బేరింగ్ వేడి 68 డిగ్రీలు. ఎప్పుడూ 54 ఉంటుంది. రిజిస్టరులో "గమనించడమైనది" అని రాశాను. రిజిస్టరుకు ఆ భాషే అర్థమవుతుంది. ఈ పుస్తకం మాత్రం నా సొంతం. జలమండలి వాళ్ళెవరూ దీన్ని చూడరు కాబట్టి ఉన్నమాట రాస్తాను. నాకు భయం వేసింది.

మిగతాదంతా మామూలే. పొద్దున్నే ఆక్సిజన్ సూటు తొడుక్కుని బయటికి వెళ్ళి, మంచు కోసే మర పళ్ళ మధ్య ఇరుక్కున్న ఎర్రదుమ్మునంతా గంటసేపు గీకాను. కరిగే ట్యాంకులో ఉప్పు ఎంతుందో చూశాను. దీపం కింద పెంచుతున్న తోటకూరకు నీళ్ళు పోశాను. ఆ తోటకూరే వండుకుని తిన్నాను. ఇక్కణ్ణుంచి పైపు రెండువందల అరవై కిలోమీటర్లు పోయి దిగువపేటలో తేలుతుంది. అక్కడ ఆరువేల మంది నేను పంపే నీళ్ళే తాగుతారు, వాటితోనే పళ్ళు తోముకుంటారు. వాళ్ళలో నా పేరు తెలిసినవాళ్ళు పాతికమంది ఉంటే గొప్ప.

మధ్యాహ్నం ఉపగ్రహం నెత్తిమీదుగా పోయే పదకొండు నిమిషాలే నాకు రేడియో అందుతుంది. దిగువపేట రేడియో గదిలో కూర్చునే తవుడు రోజూ ఒకే మాటతో మొదలుపెడతాడు.

"తిన్నావేటక్కా?"

తిన్నానంటాను. తర్వాత అంకెలు చెబుతాను. ఇవాళ ఫలానా సంగతి చెప్పాలని పొద్దుటినుంచి మనసులో అనుకుంటూనే ఉంటాను. అంకెలు పూర్తయ్యేసరికి ఉపగ్రహం కొండ దాటిపోతుంది. ఆ సంగతి రేపటికి పాతబడిపోతుంది.

404వ రోజు

71 డిగ్రీలు. వేడి చూపే డయల్ మీద 90 దగ్గర ఎర్రగీత ఉంది. ఆ గీత దాటితే ఇరుసు పట్టేస్తుంది, ఆపైన పంపు చేతికి దక్కదు.

కొత్త బేరింగ్ అలమరలో ఉంది, దాని సీలు కూడా తీయలేదు. మార్చడం నాకు వచ్చు. అది మూడో యూనిట్, అందులో నాకు పదహారుకు పదిహేను మార్కులు వచ్చాయి. కానీ మార్చాలంటే పంపు ఆపాలి. ఈ పంపు ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆపి మళ్ళీ నడిపించడం ఎలాగో ఐదో యూనిట్‌లో ఉంది.

ఐదో యూనిట్ నేను చాయిస్‌లో వదిలేశాను.

నేనొక్కదాన్నేనా! మా పంపు కేంద్రాల నిర్వహణ డిప్లొమాలో ప్రశ్నపత్రం మొదటినుంచీ ఒకటే పద్ధతి. యూనిట్‌కొక ప్రశ్న చొప్పున ఐదు ప్రశ్నలు, ఏవైనా నాలుగింటికి జవాబు రాయాలి. ఐదు చదివేవాణ్ణి మా హాస్టల్లో వింతగా చూసేవాళ్ళు. మేమంతా కొనుక్కున్న గైడులో ఐదో యూనిట్ దగ్గర ఒకే ఒక వాక్యం ఉండేది, "విద్యార్థులు దీనిని చాయిస్‌లో విడిచిపెట్టవచ్చును" అని. గైడు మొత్తంలో మేము తు.చ. తప్పకుండా పాటించిన వాక్యం అదే.

ప్రతి కేంద్రంలోనూ సిలబస్ కాపీ ఒకటి అద్దం కట్టించి గోడకు తగిలించి ఉండాలని నిబంధన. పాఠ్యపుస్తకం ఉండాలని మాత్రం నిబంధన లేదు. ఇన్నాళ్ళూ అద్దం మీద దుమ్ము తుడిచానే గాని లోపల ఏముందో చదివింది లేదు. ఇవాళ దించి చదివాను.

"లక్ష్యములు: ఈ కోర్సు ముగియునప్పటికి విద్యార్థి సమగ్ర అవగాహన పొందును." పొందాను, చూస్తున్నాంగా. "పాఠ్యగ్రంథము: అధ్యాపకుని నోట్సు. సంప్రదింపు గ్రంథము: పైదియే." ఆ తర్వాత అసలు సంగతి:

"యూనిట్ 5 (8 పీరియడ్లు). ఆపుటకు ముందు చేయవలసినవి. పైపును ఖాళీ చేయు క్రమము. ఆపుట. తిరిగి నడుపుట: మొదటి విధానము, అది ఎందుకు పనికిరాదు, రెండవ విధానము. సాధారణముగా జరుగు పొరపాట్లు: ముందు తెరచుట, వెనుక తెరచుట. కేంద్రమున ఇద్దరు ఎందుకు ఉండవలెను. ప్రాక్టికల్: లేదు."

అంతే. వండాల్సిన వంటల పేర్లు రాసి గోడకు అంటించారు, ఎలా వండాలో ఎక్కడా లేదు.

405వ రోజు

కాలేజీ గ్రంథాలయంలో నోట్సు వెతకమని నిన్న తవుడికి చెప్పాను. ఇవాళ దిగాలు గొంతుతో మొదలుపెట్టాడు.

"అక్కా, పదేళ్ళపాటు ఎవులూ తెరవని ఫైళ్ళన్నీ సోటు సాలదని తీసీసినారంట. ఐదో యూనిట్‌ని ఎవులూ ఒక్కసారి కూడా తెరవనేదంట."

"పాతవాళ్ళను అడిగావా?"

"అక్కడ పనిసేసి దిగినోళ్ళు ఏడుగురున్నారు. ఏడుగురినీ అడిగీసినాను. ఒకాయనకి ఆ వారం గవదబిళ్ళలంట. ఇంకో ఇద్దరేమో, అది వొదిలీమని మాస్టారే సెప్పినారన్నారు. నరసమ్మగారైతే, పైడమ్మ దగ్గర నోట్సు ఉంటాది, దాన్నే అడగండి అన్నారు."

నరసమ్మ నా తోటి విద్యార్థి. నా మొదటి విడతలో ఈ కేంద్రంలో నాతోపాటు ఉన్నది కూడా ఆవిడే. ఆవిడ దగ్గర నోట్సు ఉంటుందని ఇరవై ఆరేళ్ళుగా నేను అనుకుంటున్నాను.

407వ రోజు

74 డిగ్రీలు. రేడియోలో ఇవాళ తవుడి గొంతు కాకుండా ఇంకో గొంతు వినిపించింది. రెండు మాటలు వినేసరికి నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మాకు పాఠం చెప్పిన అప్పన్న మాస్టారు. రిటైరై నాలుగేళ్ళయింది.

"పైడమ్మా, నువ్వు అడక్కముందే సెప్పీస్తున్నాను. ఐదో యూనిట్ నాకు రాదు. ఇరవై మూడేళ్ళు పాఠాలు సెప్పినాను, ఒక్క బేచ్చికీ అది సెప్పనేదు."

"మరి మీకు ఎవరూ చెప్పలేదా మాస్టారూ?"

"సెప్పకేం! మొదటి మేడమ్ సెప్పినారు." భూమి నుంచి వచ్చి, ఈ పంపు బిగించి, ఆ సిలబస్ రాసిన ఇంజనీరును మా ఊళ్ళో అలాగే పిలుస్తారు. ఆవిడ పోయి చాలాకాలమైంది. "ఆ ఎనిమిది పీరియడ్లూ సాయంత్రం నాలుగు తరవాత పెట్టీవోరమ్మా. నాలుక్కి మాకు వాలీబాల్. నాను ఒక్క పీరియడ్‌కే ఎల్లినాను, అదీ ఆ రోజు నెట్ తెగిపోయిందని. నాలుగు యూనిట్లతో పాసైపోనాను. మేడమ్ పోయినాక ఆ కుర్సీలో నన్ను కూకోబెట్టీసినారు. రాని పాఠం ఎలగ సెప్పగలను? అది సాయిస్‌లో వొదిలీండర్రా అనీవోణ్ణి. నాలుగు రాస్తే సాలు గదా, ఆ ప్రశ్న ముట్టకండానే గడిసిపోయీది."

తిట్టాలనుకున్నాను. కానీ నేను చేసిన పనీ అదే.

"సిలబస్సులో ఎనిమిది పీరియడ్లు అనుంది గదా," అన్నారాయన. "రోజుకొకటి పెడదాం. నువ్వు ఒక్కో లైనూ సదువు, అక్కడ వాల్వులు సూసి ఏది ఏటో సెప్పు. ఇద్దరం కలిసి ఆలోసిద్దాం."

పదకొండు నిమిషాల పీరియడ్. మా కాలేజీలో హాజరు, ఎదురుబల్ల వాళ్ళ గొడవా పోగా పీరియడ్‌కు మిగిలేది కూడా దాదాపు అంతే.

408వ రోజు

మొదటి పీరియడ్. మాస్టారు ముందు హాజరు వేశారు.

"బెవర పైడమ్మ?"

"ప్రెజెంట్ సార్."

ఇంటిపేరుతో సహా నన్ను ఎవరైనా పిలిచి ఏడాది దాటింది. పిలుపు విన్నాక కళ్ళు తుడుచుకోవడంలో ఒక నిమిషం పోయింది. పదకొండులో ఒక నిమిషమంటే తక్కువేం కాదు.

"ఆపుటకు ముందు చేయవలసినవి" అన్న లైను మీద వాదించుకున్నాం. కేంద్రంలో ఉన్న వాల్వులన్నీ నిన్న సాయంత్రం తిరిగి లెక్కపెట్టాను. మొత్తం ముప్ఫై నాలుగు. వాటిలో ఇరవై ఆరింటిని నా చేతులతో తిప్పాను. మిగతా ఎనిమిదింటికి పాత ఎర్రరంగు ఇంకా నిగనిగలాడుతోంది, వాటి మీద మనిషి చెయ్యి పడినట్టు లేదు. పీరియడ్లు ఎనిమిది, వాల్వులు ఎనిమిది. మాస్టారు అవతల చప్పట్లు కొట్టారు.

410వ రోజు

మూడో పీరియడ్ అయింది. ఖాళీ చేసే క్రమం తేలింది. దిగువపేట మాకన్నా పల్లంలో ఉంది. మూడు గాలి వాల్వులు వరసగా తెరిస్తే పైపులో నీళ్ళన్నీ తమంతట తామే జారి ఊరి ట్యాంకులో పడతాయి. ఖాళీ పైపు గడ్డకట్టదు, పగలదు. ఊళ్ళో పన్నెండు రోజులకు సరిపడా నీళ్ళు నిలవ ఉన్నాయి.

అసలు చిక్కు మళ్ళీ నడపడంలో ఉంది. ఎముకలు కొరికే చలిలో ఖాళీగా పడున్న పైపులోకి నెమ్మదిగా నీళ్ళు వదిలితే మొదటి కిలోమీటరులోనే గడ్డకట్టి బిరడా పడుతుంది. మొదటి విధానం ఎందుకు పనికిరాదో అలా తెలిసింది. ఆ విధానం ఏమిటో కూడా అలాగే తెలిసింది. ఇక రెండోది, వేడినీటి ట్యాంకు మొత్తాన్ని ఒక్క ఊపున లోపలికి తోసెయ్యడమే అయ్యుండాలి. కానీ ముందున్న గాలి ఎటు పోవాలి? "ముందు తెరచుట, వెనుక తెరచుట" అంటే ఏం తెరవడం?

పైపు పగిలితే బాగుచెయ్యడానికి నెలలు పడుతుంది. ఊళ్ళో నీళ్ళు పన్నెండు రోజులకే ఉన్నాయి. దీన్ని ఇంకోసారి రాయను.

411వ రోజు

79 డిగ్రీలు. పీరియడ్ మొదలవగానే మాస్టారు అరిచినంత పని చేశారు.

"పైడమ్మా, నాను ఎల్లిన ఆ ఒక్క పీరియడ్ గేపకమొచ్చింది! మేడమ్ మాలో ఇద్దర్ని లేపి, గదికి ఆ సివర ఒకణ్ణి, ఈ సివర ఒకణ్ణి నిలబెట్టినారు. నాను మూడంకెలు లెక్కెడతాను, రెండు తలుపులూ ఒక్కసారే తెరవాల అన్నారు. ఆడు ముందు తెరిసీసినాడు. ఇంకోసారి నాను ఎనకపడ్డాను. కిలాసంతా నవ్వే నవ్వు. ఆటనుకున్నానమ్మా నాను!"

వేడినీటి వాల్వు పంపు గదిలో ఉంది. దాని జత గాలి వాల్వు బయట అరవై అడుగుల దూరంలో ఉంది. రెండూ ఒకేసారి తెరుచుకోవాలి. గాలిది ముందు తెరిస్తే, బయట గాలి ఒత్తిడి లేనట్టే కాబట్టి, నీళ్ళు పైపు నోట్లోనే మరిగి ఆవిరైపోతాయి. ఆలస్యంగా తెరిస్తే లోపలి గాలి ఎదురుతన్ని పైపు చీలుస్తుంది. రెండూ చక్రాల వాల్వులు, ఒక్కోటి పదకొండు చుట్లు తిప్పాలి. తాడు కట్టి లాగే పని కాదు.

కేంద్రంలో ఇద్దరు ఎందుకు ఉండాలో అందుకు.

నా మొదటి విడతలో ఇక్కడ ఇద్దరం ఉండేవాళ్ళం. నరసమ్మ గురక పెట్టేది, ఉప్పు ఎక్కువ వేసేది, నేను చెప్పిన ప్రతి కథకూ చివర్లో "అయితే ఏటి?" అనేది. మూడువందల రోజులు పోట్లాడుకున్నాం. పదకొండేళ్ళ కిందట జలమండలి ఒక కాగితం పంపింది. కేంద్రంలో రెండో మనిషి అవసరమేమిటో కారణం తెలపాలని అడిగింది. పాతవాళ్ళనూ కొత్తవాళ్ళనూ అందరినీ అడిగారు. ఎవరి దగ్గరా కారణం లేదు. రెండో మంచం మడిచి గోడకు బిగించేశారు.

ఆ తర్వాతి రెండు విడతల్లో నేను ఒంటరిగా గడిపిన తొమ్మిదివందల రోజులకూ కారణం ఎనిమిది పీరియడ్ల పాఠం. దాన్ని చదవనివాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అద్దం తుడిచే గుడ్డను నేలకేసి కొట్టాను. కొట్టి మళ్ళీ నేనే తీసుకున్నాను, ఇంకెవరు తీస్తారు?

412వ రోజు

తవుడు బయల్దేరాడు. రేడియోలో చేరకముందు దుమ్ము తీసే బండి నడిపేవాడట. ఇన్నాళ్ళుగా రోజూ మాట్లాడుకుంటున్నా నాకు ఆ సంగతి తెలీదు. ఊరికున్న ఒకే ఒక పొడుగు ప్రయాణాల బండి ఇచ్చి పంపారు. దారి సరిగ్గా లేదు, తొమ్మిది రోజులు పడుతుంది. రేడియో గదిలో ఇక మాస్టారే కూర్చుంటారు.

415వ రోజు

84 డిగ్రీలు. ఎనిమిదో పీరియడ్, ఆఖరిది. హాజరు వేశాక మాస్టారు గొంతు తగ్గించి చెప్పారు.

"ఇయ్యాల నువ్వొక్కర్తివే కాదమ్మా. ఈ గదిలో కింద నలభై మంది కూకున్నారు. పాత బేచ్చీలోళ్ళు, ఇప్పటి పిల్లలు. నరసమ్మ కూడా వొచ్చింది, దానికి కుర్సీ ఏసినాం."

వెనకాల ఎవరో దగ్గారు. ఎవరో ఎవరినో సర్దుకుని కూర్చోమన్నారు. పాఠమంతా వాళ్ళు విన్నారు, నేను వాళ్ళ దగ్గులు విన్నాను. చివరి నిమిషంలో ఒక ఆడగొంతు దగ్గరగా వచ్చి, "ఒసే పైడమ్మా, అయితే ఏటి?" అంది. నవ్వు వచ్చింది. జవాబు చెప్పేలోగా ఉపగ్రహం పోయింది.

ఆ తర్వాత గది చాలా ఖాళీగా అనిపించింది. పాఠాలు లేనప్పుడు ఇంత ఖాళీగా లేదు. అలవాటు తప్పితే ఒంటరితనం కొత్తగా మొదలవుతుందని ఇవాళ తెలిసింది.

419వ రోజు

89 డిగ్రీలు. తవుడికి ఇంకా రెండు రోజుల దారి ఉంది. ఇరుసు రెండు రోజులు ఆగదు. మాస్టారు "ఆపీ" అన్నారు. ఆపడానికి ఇద్దరు అక్కర్లేదు.

గాలి వాల్వులు వరసగా తెరిచాను. నీళ్ళు జారిపోతున్న చప్పుడు ఐదు గంటలు వినిపించింది. తర్వాత మీట దించాను. పంపు నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

ముప్ఫై ఒక్క సంవత్సరాల్లో ఇక్కడ నిశ్శబ్దం విన్న మొదటి మనిషిని నేనే. పంపు మోతతో విసిగిపోయి దాన్ని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. అది ఆగాక నా ఊపిరి నాకే వినబడింది. గట్టిగా "తిన్నావేటక్కా?" అనుకున్నాను. గొంతు నాదే అయినా కాస్త ధైర్యం వచ్చింది. తినలేదు మరి, వెళ్ళి తిన్నాను.

420వ రోజు

బేరింగ్ మార్చాను. ఆరు గంటల పని. పదిహేను మార్కులకు న్యాయం చేశాను. రేపు తవుడు వస్తాడు. గది ఊడ్చాను. గోడకు బిగించిన మంచం ఊడదీద్దామంటే మరలు తుప్పుపట్టి ఉన్నాయి. గంటసేపు కుస్తీపట్టి దించాను.

421వ రోజు

తవుడు వచ్చాడు. తలుపు తీసేసరికి, నేను అనుకున్నదానికన్నా ఒక అడుగు పొట్టిగా ఉన్న మనిషి నిలబడి ఉన్నాడు. ఆ గొంతుకు నేను మనసులో పెద్ద మీసం, భుజాలు పెట్టుకున్నాను. అతనేం పెట్టుకున్నాడో గాని, నన్ను చూసి అతనూ కాసేపు తబ్బిబ్బయ్యాడు.

"తిన్నావేటక్కా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను."

అక్కడితో ఇద్దరికీ మాటలు అయిపోయాయి. ఒకరు మాట్లాడాక రెండోవాళ్ళు ఒక్క క్షణం ఆగడం రేడియో అలవాటు. ఎదురెదురుగా కూర్చుని ఆ క్షణం ఆగుతూనే ఉన్నాం. చివరికి అతనే నవ్వేశాడు. తర్వాత తోటకూర పప్పు తింటూ ఒకరి మాటకొకరం అడ్డొచ్చేంతగా మాట్లాడుకున్నాం. పొద్దుటినుంచి దాచుకుని చెప్పలేకపోయిన సంగతులన్నీ, నాలుగువందల రోజులవి, వరసాపాడూ లేకుండా చెప్పేశాను. పాపం, అన్నీ విన్నాడు.

423వ రోజు

నిన్నంతా నీళ్ళు లేకుండా వట్టి చక్రాలతో అభ్యాసం చేశాం. చక్రాలు సగం చుట్టు తిప్పి, మళ్ళీ మూసి, అంకెలు లెక్కపెట్టుకున్నాం. మొదట్లో తవుడు ముందుపడ్డాడు, తర్వాత నేను వెనకపడ్డాను. ఇరవయ్యోసారికి కుదిరింది.

ఇవాళ ఉపగ్రహం వచ్చే వేళకు సిద్ధంగా ఉన్నాం. నేను పంపు గదిలో ఉన్నాను, తవుడు బయట ఉన్నాడు, హెల్మెట్లలో ఒకరి గొంతు ఒకరికి అందుతోంది. మాస్టారు హాజరు వేశారు. ఇద్దరి పేర్లూ పిలిచారు.

"ప్రాక్టికల్ లేదని రాసుంది గదా మాస్టారూ," అన్నాడు తవుడు.

"ఇప్పుడుంది. ఒకటి... రెండు... మూడు!"

పదకొండు చుట్లు. ఐదో చుట్టు దగ్గర చక్రం బిగిసింది. ఒళ్ళంతా దాని మీద వేశాను. బయట తవుడు పైకే లెక్కపెడుతున్నాడు, నేను వెనకపడ్డానని అతని గొంతు వింటేనే తెలిసింది. నా రొప్పు విని అతను తన చెయ్యి నెమ్మది చేశాడు. నేను అందుకున్నాను. తొమ్మిది, పది, పదకొండు ఇద్దరం కలిసే అన్నాం. కాళ్ళ కింద నేల దడదడలాడింది. పైపు ఒకసారి మూలిగింది. తర్వాత మీట ఎత్తాను. పంపు అందుకుంది. 31 డిగ్రీలు, 40, 52, 54. అక్కడే నిలిచింది.

పంపు మోత వింటూ నేలమీద కూలబడి ఏడ్చాను. తవుడు లోపలికి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు. మనిషి పక్కన ఉండి ఏమీ అనకపోవడం రేడియోలో కుదరదు.

424వ రోజు

ఊళ్ళో నీళ్ళు పడ్డాయని కబురు వచ్చింది. తవుడు పొద్దున్నే బండి సర్దుకున్నాడు. బయటి వాల్వు దగ్గర ఆగి చక్రాన్ని అటూ ఇటూ చూశాడు.

"అక్కా, దీనికి ఇంత మోటారు బిగించీసి, రేడియోతో తిప్పితే అయిపోద్ది. లోపల నువ్వు తిప్పినప్పుడే ఇదీ తిరగతాది. ఒక్క మనిషి సాలు."

ఆలోచించాను. నిజమే. పదకొండు చుట్లకూ సమానంగా తిరిగే చిన్న మోటారు చాలు. ఊళ్ళో అలాంటివి డజన్లు దొరుకుతాయి.

"అవును, చాలు," అన్నాను.

ఆ తర్వాత సిగ్గు వదిలేసి అడిగాను. "ఇంకో నాలుగు రోజులు ఉండకూడదూ?"

"ఊరికి ఉన్నది ఈ ఒక్క బండే గదక్కా. నా కూతురు కూడా రోజులు లెక్కెట్టుకుంటాంది." అతను నా వైపు చూడలేదు. "నాను రేడియోలో ఉంటాను గదా."

ఉంటాడు. బండి వెనక లేచిన దుమ్ము కొండ మలుపు దాకా కనిపించింది. అది సర్దుకునేదాకా నిలబడి లోపలికి వచ్చాను.

431వ రోజు

జలమండలి ఉత్తరాన్ని మాస్టారు చదివి వినిపించారు. మొదట అభినందనలు. తర్వాత, ఐదో యూనిట్ పాఠం ఇకనుంచి తప్పనిసరి, దాన్ని అనుభవం ఉన్న నేనే రాసి పంపాలి, పీరియడ్‌కు ఐదు వాక్యాలు మించకూడదు. చివరగా, రెండో మనిషి సంగతి. "కేంద్రమున ఇద్దరు ఎందుకు ఉండవలెను" అన్న శీర్షిక కింద పాఠంలో ఏమి ఉంటే దానిని బట్టి శాశ్వత నిర్ణయం తీసుకుంటారట.

"అంటే నువ్వు ఏది రాస్తే అదేనమ్మా," అన్నారు మాస్టారు.

నా విడత ఇంకో డెబ్భై రోజుల్లో ముగుస్తుంది. నాకు ఇదే ఆఖరుది, ఇంక నన్ను పంపరు. నా తర్వాత రాబోయేది ఇరవై నాలుగేళ్ళ పిల్ల అట. ఆ రోజు రేడియో గదిలో నేలమీద కూర్చుని పాఠం విందట. చాలా తెలివైనది, ఒక్క క్షణం నోరు మూసుకోదు అని మాస్టారు మెచ్చుకున్నారు. నోరు మూసుకోని పిల్లను అయిదువందల రోజులకు ఇక్కడికి పంపుతారు.

434వ రోజు

ఏడు పీరియడ్లు రాసేశాను. ఎనిమిదో దాని దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

ఉన్నదున్నట్టు రాస్తే ఇలా ఉంటుంది: రెండు వాల్వులు ఒకేసారి తెరవాలి, ఇద్దరు మనుషులుగాని, ఒక మనిషి, ఒక మోటారుగాని చాలు. ఆ సగం వాక్యం చూడగానే మండలి మోటారు పంపిస్తుంది. మోటారుకు తిండి అక్కర్లేదు, మంచం అక్కర్లేదు. వాళ్ళను తప్పుపట్టడానికి కూడా ఏమీ ఉండదు. ఆ పిల్ల ఒక్కతే వస్తుంది. పొద్దుటినుంచి చెప్పాలనుకున్న సంగతి మధ్యాహ్నానికి దాచుకుంటుంది. మధ్యాహ్నం అంకెలు చెబుతుంది.

రాయకపోతే అది మోసం. పాఠంలో తెలిసి ఒక ముక్క వదిలెయ్యడమే. ఇద్దరిలో ఒకరు మంచాన పడిన రోజున పంపు ఆగితే? ఆ మోటారు మాట తెలియక రెండోవాళ్ళు చేతులు ముడుచుకు కూర్చుంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కలం పక్కన పెట్టాను. తవుడికి ఆ ఆలోచన రావడానికి చక్రాన్ని ఒక్కసారి చూడటం సరిపోయింది. అవసరం పడితే వాళ్ళకూ తోస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తిగా నిజం కాదని నాకు తెలుసు. ఇది నా సొంత పుస్తకం కాబట్టి రాస్తున్నాను.

సాయంత్రానికి రాశాను. "కేంద్రమున ఇద్దరు ఉండవలెను. రెండు వాల్వులు ఒకే క్షణమున తెరవవలసి ఉండును. ఒకరి చెయ్యి వెనుకబడినచో రెండవవారు గొంతు విని తమ చెయ్యి నెమ్మది చేయవలెను. ఇందుకు మనిషి తప్ప వేరు మార్గము లేదు." మూడో వాక్యం నిజం. నాలుగో వాక్యం దగ్గర కాసేపు ఆగాను. కొట్టెయ్యలేదు.

435వ రోజు

54 డిగ్రీలు. పాఠం మొత్తం రేడియోలో చదివి వినిపించాను. తవుడు రాసుకున్నాడు. మాస్టారు కూడా పక్కనే ఉన్నారు, పీరియడ్ పీరియడ్‌కూ "బాగుంది" అంటూనే ఉన్నారు. ఎనిమిదోది చదివేసరికి ఒక నిమిషమే మిగిలింది. నాలుగో వాక్యం తర్వాత తవుడి కలం చప్పుడు ఆగిపోయింది.

అడగక తప్పలేదు.

"తవుడూ, వెళ్ళేరోజు నువ్వు ఆ మోటారు మాట అన్నావే. అక్కడ ఎవరితోనైనా అన్నావా?"

అదేమిటని మాస్టారు అడగలేదు. ఉపగ్రహం కొండ అంచుకు చేరింది, గొంతులు పల్చబడుతున్నాయి.

"ఏ మోటారక్కా?" అన్నాడు తవుడు.